తిరుగు ప్రయాణము: అపొస్తలుల కార్యములు 14:21–28 మరియు మన మిషను నివేదికలు

అపొస్తలుల కార్యములు 13, 14 అధ్యాయముల మీద మన సంఘాలలో వినిపించే ప్రసంగాలకు లెక్క లేదు. ఉపవాసముండి, చేతులుంచి పంపిన అంతియొకయ సంఘము, కుప్రలో చూపు పోయిన గారడీవాడు, లుస్త్రలో ఎద్దులను పూదండలను తెచ్చిన పూజారి, ఆ వెంటనే రాళ్ళు. ఇవన్నీ మన విశ్వాసులకు కంఠస్థము. అయితే లూకా తన వృత్తాంతమును లుస్త్ర రాళ్ళతో ముగించలేదు. దెర్బే తరువాత ఇంకా ఎనిమిది వచనాలు మిగిలి ఉన్నాయి. ఆ ఎనిమిది వచనాల మీద ఒక పూర్తి ప్రసంగము మేము విన్నది బహు అరుదు. కన్వెన్షన్ ప్రసంగీకులు సాధారణముగా దెర్బే దగ్గరే బైబిలు మూసివేస్తారు.

ఇది ఒక చిన్న అలవాటుగా కొట్టివేయదగినది కాదని మా అభిప్రాయము. మేము సేవలో ప్రవేశించిన రోజులలో విదేశీ సేవా ప్రయాణము చేసి వచ్చిన తెలుగు పాస్టరు ఒక మండలానికి ఒకరు ఉంటే గొప్ప. ఈనాడు కువైటుకు, దుబాయికి, సింగపూరుకు, మలేషియాకు, అమెరికాకు వెళ్ళి వచ్చే సేవకులు అనేకులు. వెళ్ళేటప్పుడు ఒక ప్రార్థన కూడిక, వచ్చిన తరువాత ఒక రిపోర్టు కూడిక. రెండవ దానికే ఎక్కువ ఏర్పాట్లు: ప్రొజెక్టరు, శాలువ, దండలు, భోజనాలు. మన సెమినరీలలో వెళ్ళడము గురించి పాఠాలున్నాయి. మిషను చరిత్ర, పరసంస్కృతిలో సువార్త, సందర్భీకరణ అన్నీ నేర్పుతారు. తిరిగి రావడము గురించి, వచ్చి ఎవరి యెదుట ఏమి చెప్పాలన్న దాని గురించి ఒక్క పాఠము కూడా మేము చదివిన బి.డి. పాఠ్యక్రమములో లేదు. ఈ వ్యాసములో లూకా చెప్పిన తిరుగు ప్రయాణమును ముందుగా పరిశీలించి, దానితో మన తెలుగు మిషను చరిత్రలోని కొన్ని తిరుగు ప్రయాణములను, ఈనాటి మన నివేదికలను తూచి చూడాలని ఉద్దేశిస్తున్నాము.

దగ్గర దారి, దూరపు దారి

దెర్బే నుండి సిరియాలోని అంతియొకయకు దగ్గర దారి తూర్పున ఉన్నది. టారస్ పర్వతాలలోని కిలికియ కనుమ దాటితే తార్సు వస్తుంది. అది పౌలు పుట్టిన ఊరు. ఇంటివారిని చూసుకొని, కాస్త విశ్రమించి, అక్కడ నుండి అంతియొకయకు చేరుకోవచ్చు. రాళ్ళ దెబ్బలు తిన్న మనిషికి ఆ దారిలో వెళ్ళమని ఎవరైనా సలహా చెబుతారు. కాని పౌలు బర్నబాలు వెనుకకు, పడమరకు తిరిగారు. లుస్త్ర, ఈకొనియ, పిసిదియలోని అంతియొకయ. పేర్లను అదే వరుసలో పెట్టడములో లూకా ఉద్దేశము స్పష్టమే. లుస్త్ర రాళ్ళు రువ్విన ఊరు (14:19), ఈకొనియ రాళ్ళు రువ్వాలని ఆలోచన చేసిన ఊరు (14:5), పిసిదియ అంతియొకయ ప్రాంతము దాటించి వెళ్ళగొట్టిన ఊరు (13:50). వారి ఇంటి దారి ఆ మూడు ఊళ్ళ మీదుగానే పోయింది.

చలికాలములో మంచు వలన కనుమ మూసుకుపోయి ఉంటుందని, అందువలన వెనుకకు తిరగక తప్పలేదని కొందరు వ్యాఖ్యాతలు అంటారు. అలా జరిగి ఉండవచ్చు. అయితే లూకా వాతావరణము సంగతి ఎత్తలేదు. ఆయన చెప్పిన కారణాలు వేరు: శిష్యుల మనస్సులను దృఢపరచడము, శ్రమలను గూర్చి ముందుగా హెచ్చరించడము, ప్రతి సంఘములో పెద్దలను ఏర్పరచి ప్రభువునకు అప్పగించడము (14:22–23). వెళ్ళేటప్పుడు ఈ ఊళ్ళలో పెద్దలను ఏర్పరచినట్లు లేదు. తిరిగి వచ్చేటప్పుడే ఆ పని జరిగింది. అంటే ఈ సంఘాలకు పరిచర్య క్రమము తిరుగు ప్రయాణములోనే వచ్చింది. వచ్చిన దారినే మళ్ళీ రాని ప్రయాణమైతే అక్కడ విశ్వాసులు ఉండేవారు గాని, పెద్దలతో కూడిన సంఘము ఉండేది కాదు.

ఇక్కడ మూల భాషలోని ఒక మాటను గమనించాలి. 14:21లో తిరిగి వెళ్ళారు అని చెప్పడానికి లూకా వాడిన క్రియ హుపోస్త్రేఫో. 13:13లో మార్కు అను మారుపేరు గల యోహాను పెర్గేలో వారిని విడిచి యెరూషలేమునకు వెళ్ళిపోయిన సందర్భములోనూ ఇదే క్రియ. ఒకే ప్రయాణములో రెండు తిరుగుళ్ళు, రెంటికీ ఒకే మాట. ఒకటి పని మధ్యలో ఇంటివైపు తిరగడము. రెండవది పని ముగిసిన తరువాత ఇంటివైపు తిరగకుండా పని చేసిన చోటికే తిరగడము. ఇది లూకాకు బాగా అలవాటైన క్రియ గనుక దీని మీద మరీ బరువు పెట్టకూడదన్నది నిజమే. అయినా పెర్గే విషయము ఆ అనుమానమును కొంత తీరుస్తుంది. మొదట పెర్గే మీదుగా వెళ్ళినప్పుడు వారు అక్కడ బోధించినట్లు లూకా చెప్పలేదు. మార్కు వెళ్ళిపోయిన సంగతి మాత్రమే చెప్పాడు. తిరిగి వచ్చేటప్పుడు పెర్గేలో వాక్యము బోధించి, ఆ తరువాత అత్తాలియ రేవుకు దిగారని ప్రత్యేకముగా వ్రాశాడు (14:25). ఈనాడు టర్కీలో అంటాల్యా అని పిలువబడే నగరమే ఆ అత్తాలియ. మార్కు విడిచిపోయిన చోట మిగిలిపోయిన పనిని చేసి, ఆ తరువాతనే ఓడ ఎక్కారు.

ఎవరు చేసిన కార్యములు?

అంతియొకయ చేరిన తరువాత జరిగిన దానిని లూకా ఒక్క వాక్యములో చెప్పాడు (14:27). సంఘమును సమకూర్చారు, దేవుడు చేసిన వాటిని తెలిపారు, అన్యజనులకు విశ్వాసపు తలుపు తెరువబడిన సంగతి చెప్పారు. చిన్న వాక్యము, అయితే ఇందులో మూడు నాలుగు సంగతులున్నాయి.

మొదటగా, వారిని పంపినది ప్రవక్తలు, బోధకులు ఉన్న చిన్న గుంపు. వారి పేర్లు 13:1లో ఉన్నాయి. తిరిగి వచ్చినప్పుడు మాత్రము సంఘమంతటినీ పిలిచారు. పంపిన నాయకులకు మాత్రమే చెప్పి ఊరుకోలేదు. మన దగ్గర ఇది తరచుగా తలక్రిందులవుతుంది. కూడికలో సంఘానికి ఫోటోలు, గదిలో కమిటీకి లెక్కలు!

రెండవది మరింత ముఖ్యమైనది. లూకా 9:10లో పన్నెండుమంది అపొస్తలులు తిరిగి వచ్చి యేసు ప్రభువుకు తాము చేసినవన్నీ వివరించారు. అక్కడ మూల భాషలో ‘హోసా’ అనే మాట తరువాత వచ్చే క్రియకు కర్తలు అపొస్తలులు. అపొస్తలుల కార్యములు 14:27లో అదే ‘హోసా’, అదే క్రియ; కర్త మాత్రము మారాడు, దేవుడు. ఒకే రచయిత, ఒకే రకమైన సన్నివేశము, దాదాపు ఒకే వాక్య నిర్మాణము. 15:4లో యెరూషలేములో చెప్పినప్పుడూ దేవుడే కర్త. మనుష్యుల పాత్రను లూకా చెరిపివేయలేదు. 14:27లోను 15:4లోను ‘వారితో’ అనే అర్థమిచ్చే ‘మెత’ అన్న మాటను, 15:12లో ‘వారి ద్వారా’ అనే అర్థమిచ్చే ‘దియా’ అన్న మాటను ఉంచాడు. మన తెలుగు బైబిలు మొదటి దానిని ‘తోడైయుండి’ అన్నది. చక్కని అనువాదము. సేవకుడు వాక్యములో ఉన్నాడు గాని కర్త స్థానములో లేడు.

లూకా 9:10లో అపొస్తలులు తప్పు మాట్లాడారని మేము అనడము లేదు. గురువు అడిగినప్పుడు శిష్యుడు తాను చేసినదే చెప్పాలి. మార్కు సువార్తలోని సమాంతర భాగములో (6:30–31) ప్రభువు వారిని గద్దించలేదు, ఏకాంతమునకు వచ్చి అలసట తీర్చుకొమ్మన్నాడు. కాని 10వ అధ్యాయములో డెబ్బదిమంది తిరిగి వచ్చినప్పుడు సంగతి వేరు. వారు సంతోషముతో వచ్చారు, దయ్యములు లోబడుచున్నవని చెప్పారు. ఆయన నామము వలన అని కూడా చేర్చారు. మాట శుద్ధమైనదే. అయినా ప్రభువు వారి సంతోషము యొక్క కారణమును మార్చాడు (10:20). నివేదికలో ఒక్క అబద్ధము కూడా లేకపోయినా దానిలోని సంతోషము తప్పు చోట ఉండవచ్చునని ఈ వాక్యభాగము తెలియజేస్తున్నది. విదేశీ ప్రయాణ నివేదికలను విమర్శించేవారు సాధారణముగా అబద్ధపు లెక్కలను పట్టుకుంటారు. మాకు నిజమైన లెక్కలే ఎక్కువ చింత కలిగిస్తున్నాయి.

లెక్కల మాట వచ్చింది గనుక ఒక సంగతి. లూకా లెక్కలంటే గిట్టని రచయిత కాడు. పెంతెకొస్తు దినమున మూడు వేలు (2:41), తరువాత అయిదు వేలు (4:4) అని వ్రాసిన చేయి అదే. కాని 13, 14 అధ్యాయములలో విస్తారమైన సమూహము, అనేకమంది శిష్యులు అనే మాటలే తప్ప ఒక్క అంకె కూడా లేదు. ఆ సంఘాలు నిలుస్తాయో లేదో ఇంకా తెలియని స్థితిలో పౌలు బర్నబాలు అంకెలు చెప్పి ఉంటారా? చెప్పినా లూకా వ్రాయలేదు.

మూడవది, తెలిపారు అన్న క్రియ, అనేంగెల్లోన్, గతములో కొనసాగిన పనిని సూచించే రూపములో ఉన్నది. ఒక సాయంకాలపు కూడికలో ముగిసిన మాట కాదు. దానికి తగినట్టే 28వ వచనములో వారు శిష్యుల యొద్ద కొద్దికాలము కాదు, చాలాకాలము గడిపారని ఉన్నది. వచ్చిన వారము రోజులకే మరొక వీసాకు దరఖాస్తు పెట్టుకొనే మన పద్ధతికి ఈ వచనము అడ్డము వస్తుంది. సంఘము వారి మాట విన్నది, తరువాత వారి జీవితమును చూసింది.

ఆ నివేదిక మెప్పుతో ముగియలేదు. 15:1లో యూదయ నుండి వచ్చిన కొందరు దానిని ప్రశ్నించారు. పౌలు బర్నబాలు మళ్ళీ ప్రయాణమై, ఫేనీకే, సమరయ దేశాల మీదుగా వెళ్తూ చెప్పినదే చెప్పారు, సహోదరులు సంతోషించారు. యెరూషలేములో అదే మాట చెబితే పరిసయ్యుల తెగలోనుండి విశ్వసించినవారు లేచి నిలబడ్డారు (15:5). దేవుడు చేసిన కార్యముల నివేదికను ఎదిరించి మాట్లాడడానికి ఆ సంఘములో చోటు ఉన్నది. ఎదిరించినవారిని ఎవరూ ఆత్మను ఆర్పువారని అనలేదు. మన రిపోర్టు కూడికలలో ప్రశ్నకు చోటు ఎంత ఉన్నదో పాఠకులకే తెలుసు.

మన తెలుగు నేల మీద

తెలుగు మిషను చరిత్రను మనము రాకల చరిత్రగా చదువుకున్నాము. ఎవరు ఏ సంవత్సరములో ఏ ఓడలో వచ్చారన్నది సెమినరీ విద్యార్థులు పరీక్షకు వల్లె వేస్తారు. నిజానికి ఆ చరిత్ర మలుపు తిరిగినది ఎక్కువగా తిరుగు ప్రయాణములలోనే.

అమెరికన్ బాప్తిస్టు మిషను సంగతి చూడండి. శామ్యూల్ డే దొరగారు ఆరోగ్యము చెడి 1846లో స్వదేశానికి వెళ్ళారు. నెల్లూరులోని చిన్న పని రెండు సంవత్సరములకు పైగా స్థానిక సహాయకుల చేతులలో ఉన్నది. ఫలితము లేని ఆ మిషనును మూసివేయాలన్న ఆలోచన అమెరికాలో బలముగా ఉన్న సమయమది. ఆయన 1848లో లైమన్ జ్యూయెట్ గారితో కలిసి మళ్ళీ ఓడ ఎక్కారు. 1853లో ఆల్బనీలో అదే ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఆ రాత్రి శామ్యూల్ ఎఫ్. స్మిత్ గారు వ్రాసిన పద్యము వలన ‘ఒంటి నక్షత్రము’ అన్న పేరు ఈ మిషనుకు స్థిరపడింది. మూడవసారి 1862లో. జ్యూయెట్ గారు అనారోగ్యముతో ఇంటికి చేరితే, ఆయన ముందు పెట్టబడినది ఇదే ప్రశ్న. చూపించడానికి ఆయన దగ్గర లెక్కలు లేవు. మిషను ఎవరినీ పంపకపోయినా తాను తిరిగి వెళ్ళి తెలుగువారి మధ్యనే జీవించి చనిపోతానని మాత్రము తెలియజేశారు. 1864 చివరలో జాన్ ఎవరెట్ క్లౌ గారిని వెంటబెట్టుకొని బయలుదేరి 1865లో నెల్లూరు చేరారు.

లూకా కొలబద్దతో చూస్తే జ్యూయెట్ గారి నివేదిక మాకు గొప్పగా కనబడుతున్నది. తెరువబడిన తలుపు ఇంకా కంటికి కనబడని రోజులలో ఆయన తలుపు సంగతే చెప్పారు. అయితే ఈ కథను మన ప్రసంగీకులు చెప్పే తీరు మీద మాకు అభ్యంతరము ఉన్నది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ప్రార్థించినది అయిదుగురు: జ్యూయెట్ దంపతులు, నర్సు, జూలియా, రూతు. మన ప్రసంగాలలో జ్యూయెట్ దొరగారు కొండ ఎక్కుతారు, జ్యూయెట్ దొరగారు ప్రార్థిస్తారు. మిగిలిన ముగ్గురి పేర్లు ‘మరి కొందరు స్థానికులు’ అయిపోతాయి. ఆయన 1862లో ఓడ ఎక్కినప్పుడు వెళ్ళడానికి వేరే దేశము లేనివారు వారు.

క్లౌ గారి విషయములో ఈ లోపము మరీ ఎక్కువ. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి లోకమంతటా చెప్పబడింది. అంకె నిజమే. కాని ఒంటరిగా తిరిగే అంకె దాని వెనుక ఉన్నదానిని వెంట తీసుకొని వెళ్ళదు. 1876–78 కరవులో బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించిన క్లౌ గారు, అన్నము కోసము వచ్చారన్న మాట పడకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మములు ఆపివేశారు. ఆ దినమున నీటిలోకి దిగి బాప్తిస్మమిచ్చినది తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా. ఈ రెండు సంగతులు లేకుండా 2,222 అని చెప్పేవాడు లూకా 9:10 దగ్గరకైనా రాలేదని మేము అంటాము. ఎందుకంటే అక్కడ చేసినవారే వచ్చి తాము చేసినది చెప్పారు.

న్యాయముగా మరొక మాట కూడా చెప్పాలి. క్లౌ గారు చివరకు అమెరికాకు వెళ్ళి 1910లో రోచెస్టరులో ప్రభువునందు నిద్రించారు. ఆయన చెప్పగా ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ గారు వ్రాసిన ఆత్మకథ 1914లో ప్రచురితమయింది. ఇది కూడా ఒక తిరుగు ప్రయాణపు నివేదికయే, అన్నిటికంటె దీర్ఘమైనది. ఆ గ్రంథములో ఎర్రగుంట్ల పేరయ్యగారు తోడు పనివానిగా గాక మాదిగల మధ్య ఉద్యమమును నడిపిన మనిషిగా కనబడతారు. పల్లె పెద్దలు, వారి కట్టుబాట్లు, వెట్టి, అప్పు అన్నీ ఉన్నాయి. ఎమ్మా గారు అంతకు ముందే 1899లో మాదిగ విశ్వాసుల జీవితాలను గూర్చి వేరొక పుస్తకము వ్రాసి ఉండడము ఇందుకు ఒక కారణమని మా ఊహ. ఇంత సామాజిక దృష్టి గల నివేదిక, క్లౌ గారి కూడిక ప్రసంగాలకు తెలుగులో లభించిన ప్రచారములో పదవ వంతు కూడా పొందలేదు. మన సెమినరీ గ్రంథాలయాలలో ఉన్న ప్రతిని ఎందరు విద్యార్థులు తెరిచారో, కార్డు చూస్తే తెలుస్తుంది.

లూథరన్ సంఘమువారి ఫాదర్ హయ్యర్ గారి తిరుగు ప్రయాణములు వేరొక రకమైనవి. ఆయన 1842 జూలై 31న గుంటూరు చేరారు. ఆరోగ్యము సరిలేక ఇంటికి వెళ్ళినప్పుడు చేసిన పని బాల్టిమోరులో వైద్యము చదవడము. 1847లో పట్టా పుచ్చుకొని 1848లో మళ్ళీ వచ్చారు, పల్నాటిలో గురజాల వరకు వెళ్ళారు. తాను వదలివచ్చిన ప్రజలకు ఏమి అవసరమో గమనించి, ఇంటి దగ్గర గడపవలసిన కాలములో యాభై ఏళ్ళు దాటిన మనిషి విద్యార్థి అయ్యాడు. 1857లో మళ్ళీ వెళ్ళి మిన్నెసోటాలో సంఘాలు స్థాపించారు. 1869లో రాజమండ్రి పని వేరొక మిషను చేతికి పోనున్నదని విని, 76 ఏళ్ళ వయసులో సంచి పట్టుకొని సినడు సభకు వచ్చి నేను సిద్ధమని చెప్పిన సంగతి లూథరన్ పాఠకులందరికీ తెలిసినదే. మేము గమనించమని కోరేది ఆ సంచిని కాదు. 1871లో చివరిసారి తిరిగి వెళ్ళిన తరువాత ఫిలడెల్ఫియా సెమినరీలో చాప్లినుగా, విద్యార్థుల మధ్య ఆయన గడిపిన రెండేళ్ళను. 1873 నవంబరులో మరణించేవరకు అక్కడే ఉన్నారు. 14:28లో లూకా చెప్పిన ‘చాలాకాలము’ అదే.

తెలుగు దేశము నుండి బయటికి వెళ్ళి వచ్చినవారిలో ముందుగా వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారిని చెప్పుకోవాలి. ఆయన తమిళుడు; 1909లో తిరునెల్వేలి సంఘపు మిషనరీగా దోర్నకల్‌కు వచ్చారు. 1910లో ఎడిన్‌బరో మహాసభకు వెళ్ళినప్పుడు, మిషనరీలకు భారత సేవకులకు మధ్య నిజమైన స్నేహము లోపించిన సంగతిని, తనను పిలిచినవారి యెదుటనే నిలబడి చెప్పారు. కొందరు నొచ్చుకున్నారు. ఆయన తిరిగి దోర్నకల్ పల్లెలకే వచ్చారు. అక్కడ ఒక మాట, ఇక్కడ ఒక మాట లేదు.

ఈనాటి నివేదిక

ఇప్పుడు కువైటు ప్రయాణమును తీసుకుందాము, ఎందుకంటే మన పాస్టర్లు ఎక్కువగా వెళ్ళివచ్చేది గల్ఫుకే. రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుండి, కోనసీమ, పశ్చిమ గోదావరి పల్లెల నుండి వెళ్ళి అరబ్బుల ఇళ్ళలో పనిచేసే స్త్రీలు, డ్రైవర్లు, కూలీలు శుక్రవారము దొరికిన కొద్ది గంటలలో ఆరాధనకు వస్తారు. వారు మనవారు, మన సంఘాల బిడ్డలు. అక్కడికి వెళ్ళి వాక్యము చెప్పడము అవసరమైన పరిచర్య. దాని విలువను తగ్గించడము మా ఉద్దేశము కాదు.

అయితే తిరిగి వచ్చి చెప్పే నివేదికలో ఎవరున్నారు? హాలు నిండిన ఫోటో ఉన్నది. చేతులెత్తినవారి లెక్క ఉన్నది. సెలవు దొరకక హాలుకు రాలేకపోయిన స్త్రీ ఆ ఫోటోలో లేదు. ఆమె పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉన్నదన్న సంగతి నివేదికలో లేదు. ఆమె పిల్లలు ఇక్కడ అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నారు. ఆ పల్లె, రిపోర్టు కూడిక జరిగే మందిరానికి ఒక బస్సు ప్రయాణపు దూరము. పౌలు బర్నబాల ఇంటి దారి లుస్త్ర మీదుగా పోయినట్లు, ఈ పాస్టరుగారి ఇంటి దారి ఆ అమ్మమ్మ ఇంటి మీదుగా పోవాలి. తల్లి చెప్పి పంపిన మాట, తల్లి ఇచ్చి పంపిన చిన్న మూట అందించి, పిల్లల క్షేమము తెలుసుకొని ఆమెకు కబురు చేయాలి. ఎపఫ్రొదితు తిరుగు ప్రయాణము గురించి పౌలు వ్రాసినది సరిగ్గా ఇటువంటి కబుర్ల గొలుసే: ఇక్కడివారి చింత అక్కడ, అక్కడివారి చింత ఇక్కడ (ఫిలిప్పీ 2:25–30). ఇలా ఇల్లిల్లు తిరిగే సేవకులు కొందరు ఉన్నారని మాకు తెలుసు. వారికి రిపోర్టు కూడికలు పెట్టరు, వారూ అడగరు.

ఫోటోల గురించి ఒక హెచ్చరిక కూడా అవసరము. పరాయి దేశములో ఇళ్ళలో పనిచేసేవారి ముఖాలను తెర మీద, ఫేస్‌బుక్కులో చూపడము వలన వారి ఉద్యోగానికి, ఒక్కోసారి వారి భద్రతకు ముప్పు రావచ్చు. మన సంఘము సంతోషించడానికి వారి ముఖము ఎందుకు?

డబ్బు సంగతిలో పొడిగించము. 2 కొరింథీయులకు 8:18–21లో పౌలు చందా సొమ్ము తీసుకొని వెళ్ళే ప్రయాణానికి సంఘాలు ఏర్పరచిన సహోదరుని తోడు పెట్టుకున్నాడు. ప్రభువు దృష్టికే గాక మనుష్యుల దృష్టికి కూడా నిర్దోషముగా ఉండాలని. ఇళ్ళలో పాచిపని చేసి ఇచ్చిన దీనారులకు రసీదు లేకపోవడము ఏ వ్యాఖ్యానముతోనూ సమర్థించలేము.

మరొక వైపున విదేశాల నుండి మన దగ్గరకు వచ్చి పది రోజులుండి తిరిగి వెళ్ళేవారి నివేదికలున్నాయి. వీటిలో మన పల్లె పాస్టరు ఉంటాడు, పేరు లేకుండా. తాను అందులో ఎలా ఉన్నాడో ఆయన ఎన్నడూ చదవడు. సామాజిక శాస్త్రవేత్త కర్ట్ వెర్ బీక్ గారు 1998లో వచ్చిన మిచ్ తుపాను తరువాత హోండురాస్‌లో ఇళ్ళు కట్టడానికి వచ్చిన ఉత్తర అమెరికా బృందాలను పరిశీలించి 2006లో ఫలితాలు ప్రచురించారు. అక్కడి సంస్థ సుమారు రెండు వేల డాలర్లతో కట్టగల ఇంటికి, బృందము ప్రయాణ ఖర్చులతో కలిపి సుమారు ముప్పై వేల డాలర్లు అయింది. ఇళ్ళు పొందినవారిలో, ఎవరు కట్టారన్న దానిని బట్టి చెప్పుకోదగిన తేడా కనబడలేదు. తిరిగి వెళ్ళినవారు తమ జీవితాలు మారాయని చెప్పారు గాని, వారి ఇవ్వడములో నిలిచిన మార్పు స్వల్పము. ఈ పరిశోధనను చూపి విదేశీయులను నిందించడము సులభము. మేము దానిని ఉదహరించినది అందుకు కాదు. మన తెలుగు బృందాలు ఒడిశా కొండలకు, ఆఫ్రికాకు వెళ్ళి వచ్చినప్పుడు ఇటువంటి పరిశీలన ఎవరైనా చేశారా అని అడగడానికి.

విద్యార్థులు ఉపయోగించదగిన పరీక్ష ఒకటి లూకా వృత్తాంతములోనే ఉన్నది. పౌలు బర్నబాలు చెప్పిన మాటను పంపినవారి యెదుట చెప్పారు, దారిలో ఉన్న సంఘాలలో చెప్పారు, ఒప్పుకొననివారి యెదుట చెప్పారు. అంతియొకయకు ఒక పాఠము, యెరూషలేముకు ఒక పాఠము లేదు. లుస్త్రలోని తిమోతి తరువాత పౌలుతో కలిసి తిరిగాడు. లుస్త్ర గురించి అంతియొకయలో ఏమి చెప్పారో అతనికి తెలియకుండా ఉండదు. కువైటులోని విశ్వాసి ఒకరు సెలవు మీద వచ్చి మన రిపోర్టు కూడికలో వెనుక వరుసలో కూర్చుంటే ఆ నివేదిక అదే విధముగా చదవగలమా?

లూకా గ్రంథములో తిరుగు ప్రయాణములు అన్నీ ఒకే విధముగా లేవని కూడా గుర్తించాలి. రెండవ ప్రయాణము ముగింపుకు ఆయన ఇచ్చినది ఒక్క వచనము: కైసరయలో దిగడము, వెళ్ళి సంఘమును కుశలమడగడము, అంతియొకయకు రావడము (18:22). నివేదిక ప్రస్తావనే లేదు. మూడవ ప్రయాణము తరువాత పౌలు యాకోబు యెదుట ఒక్కొక్కటిగా వివరించాడు. పెద్దలు దేవుని మహిమపరచి, ఆ వెంటనే అతని మీద వచ్చిన ఫిర్యాదును ఎత్తారు (21:19–21). తెచ్చిన చందా సొమ్ము సంగతి లూకా అక్కడ చెప్పలేదు, ఫేలిక్సు యెదుట పౌలు చెప్పుకొన్న మాటలలో మాత్రమే అది బయటపడుతుంది (24:17). ఇక అంతియొకయ పేరు 18:22 తరువాత గ్రంథములో మళ్ళీ కనబడదు. మొదట చేతులుంచి పంపిన సంఘానికి, రోమాలో అద్దె ఇంట్లో గడిచిన ఆ రెండు సంవత్సరముల సంగతి ఎవరు వెళ్ళి చెప్పారో లూకా వ్రాయలేదు.